జావా పల్లెలో మా మావగారి 44 సెంట్ల పొలం, ఏం చెయ్యాలో తెలియట్లా

తణుకు_టు_సోలో:

అందరికీ నమస్కారం అండి. ఇక్కడ ఇండోనేషియాలో ఉండేవాళ్లు నలుగురైదుగురు ఉన్నారని పాత పోస్టుల్లో చూశా, అందుకే పెడుతున్నా. కొంచెం పొడుగు, ఓపిక చేసుకోండి.

నాది తణుకు పక్కన పల్లెటూరు. ఎనిమిదేళ్ల నుంచి మధ్య జావాలో సోలో సిటీలో ఒక స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తున్నా. ఇక్కడమ్మాయినే చేసుకున్నా, వాళ్లది క్లాతెన్ జిల్లాలో చిన్న ఊరు, మెరాపి అనే అగ్నిపర్వతం కింద. తెల్లారుజామున మబ్బు లేకపోతే వంటింటి గుమ్మంలోంచి కొండ కొసన పొగ కనపడుద్ది. ఊరంతా కలిపి నూటయాభై గడప ఉంటుందేమో. ఇళ్ల మధ్యన కొబ్బరి, అరటి, పనస, చుట్టూ వరి, నన్ను కళ్లకి గంతలు కట్టి తీసుకొచ్చి దింపితే మా ఇరగవరం వైపు ఏదో ఊరనుకునేవాణ్ణి, మసీదు మైకు ఒక్కటే తేడా.

మా మావగారు ఈమధ్యే పోయారు. నూరో రోజు ప్రార్థనకి (వీళ్లు న్యాతుస్ అంటారు) అందరూ వచ్చారు. రాత్రి భోజనాలయ్యాక పొలం సంగతి ఎత్తింది నేనే. ఉన్నది 1,800 చదరపు మీటర్లు, మన లెక్కలో 44 సెంట్లు. నలుగురు పిల్లలు. పెద్దోడు బెకాసిలో ఫ్యాక్టరీలో, రెండోది సురబాయాలో, మూడోది మా ఆవిడ, ఆఖరోడు అత్తగారితో ఊళ్లోనే. సమానంగా పంచితే మనిషికి 11 సెంట్లు. అదికూడా ఇక్కడ పాతకాలపు పద్ధతి ఇంకోటుందంట, మగపిల్లలకి కావడంత, ఆడపిల్లలకి వీపున మూటంత, అంటే రెండుకి ఒకటి, అలా అయితే మా ఆవిడకి 7 సెంట్లు చిల్లర. ఏడు సెంట్లలో వరి ఏం పండిస్తారండి, మనూళ్లో అంత గడ్డివాముకి వదిలేస్తాం.

పొలం చేసేది ఇంకో పెద్దాయన. 22 ఏళ్ల నుంచీ ఆయనే. సగం పాలు, మారో అంటారు. ఎరువుల ఖర్చు చెరిసగం, పంట చెరిసగం. పోయిన కోతకి నేను దగ్గరుండి చూశా, పన్నెండు క్వింటాళ్ల దాకా పచ్చి ధాన్యం వచ్చింది. కిలో 6,500 రూపియా ప్రభుత్వ రేటు, అంటే మన 34 రూపాయలు. మొత్తం కలిపి నలభై వేలు చిల్లర, అందులో సగం మనది, అందులో ఖర్చులు, అందులో నలుగురు. పైగా కోతకొచ్చిన ఆడవాళ్లకి పది తట్టలకో తట్ట కూలీగా పోయింది, వాళ్లు కోసే తీరు కూడా ఒబ్బిడిగా లేదు, కంకులు వదిలేసుకుంటా పోతన్నారు, పెద్దాయన చూస్తానే ఉన్నాడు, ఒక్క మాట అనలా.

అందుకని ఎక్సెల్ షీటు వేసుకుని కూర్చుని చెప్పా. మిగతా ముగ్గురి వాటాలూ మేం కొనేస్తాం, పెద్దాయన్ని మానిపించి ఎవరికైనా నికరంగా మక్తాకి ఇచ్చేద్దాం, ఏడాదికింత అని డబ్బు ముందే చేతికొచ్చేస్తది అని. అందరూ నవ్వుతా ‘ఇంగ్గీ, ఇంగ్గీ’ అన్నారు. అంటే సరే సరే అని. అంతే, అక్కడితో మాట ఆగిపోయింది. అత్తగారు లేచి వంటింట్లోకెళ్లిపోయింది. మా ఆవిడ రెండ్రోజులు ముభావంగా ఉంది. అడిగితే ‘ఏం లేదు’ అంటది.

నేను తప్పేం మాట్లాడానో చెప్పండి. అసలు నేను ఆ వాటాలు కొనొచ్చా? కౌలుదారుణ్ణి మార్చొచ్చా? ముగ్గురు వ్యవసాయం చెయ్యకుండా ఎక్కడో ఉంటా అమ్మడానికి మాత్రం ఎందుకు ఇష్టపడట్లా?

— — —

సుకొహర్జొ_పాతకాపు:

తమ్ముడూ, ముందు ఒక మాట. ఇక్కడ ‘ఇంగ్గీ’ అంటే సరే అని కాదు. నువ్వు పెద్దమనిషివి, ఇంటల్లుడివి, నీ మొహం మీద కాదనలేక అన్నారు. మనకి మొహమాటం అని ఒక మాటుంది చూశావా, వీళ్లకి దానికి ‘పకెవు’ అని మాట, కాకపోతే మన మొహమాటానికి ఇది పెద్దన్న. 19 ఏళ్లుగా ఇక్కడ బట్టల మిల్లుల్లో చేస్తున్నా, మొదటి మూడేళ్లు ఈ ఇంగ్గీలు నమ్మి నా షెడ్యూళ్లన్నీ తగలబడ్డాయి.

ఇప్పుడు చట్టం. నువ్వు కొనలేవు. 1960 భూమి చట్టం ప్రకారం సొంత హక్కు, ‘హక్ మిలిక్’ అంటారు, అది ఇండోనేషియా పౌరులకి మాత్రమే. ‘మా ఆవిడ పేరు మీద కొంటా’ అంటావు, అక్కడే అందరూ బోల్తా పడేది. పెళ్లయ్యాక కొన్నది ఏదైనా ఇద్దరి ఉమ్మడి ఆస్తి కింద లెక్క, ఉమ్మడి అంటే అందులో విదేశీయుడి చెయ్యి ఉన్నట్టే, అట్లా వచ్చిన హక్కు ఏడాదిలోపు వదులుకోవాలి. పెళ్లికి ముందు ఆస్తులు వేరు అని ఒప్పందం రాసుకుంటే ఈ గొడవ లేదు. రాసుకోలేదా? కంగారు పడకు, 2016లో ఇక్కడి రాజ్యాంగ కోర్టు పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చని తీర్పిచ్చింది. నోటరీ దగ్గరకి వెళ్లండి. ఇక వారసత్వంగా మీ ఆవిడకొచ్చే ముక్క ఆవిడ సొంతమే, 1974 పెళ్లి చట్టంలో ఉంది, దానికి నీతో పనిలేదు.

ఇంకో తమాషా. సాగుభూమి ఉన్నోడు అదే మండలంలో గానీ పక్క మండలంలో గానీ కాపురం ఉండాలని కూడా 1961 నుంచి రూలుంది. బెకాసి బావకి, సురబాయా వదినకి, సోలోలో ఉండే మీకు ఎవరికీ అది సరిపోదు. ఆ రూలు పట్టుకుని మా చుట్టుపక్కల ఎవరి పొలమూ లాక్కోగా నేను చూడలా, కానీ ఆఫీసులో చేతులు మారే రోజున ఎవడో ఒకడు తీస్తాడు.

పెద్దాయన సంగతి. పాలుకిచ్చేదానికి కూడా 1960లోనే చట్టం వచ్చింది, మాగాణికి కనీసం మూడేళ్లు, మెట్టకి అయిదేళ్లు, ఊరిపెద్ద ముందు కాయితం రాసుకోవాలి అని. ఎవరూ రాసుకోరు. మన దగ్గర 2019 చట్టం కింద కౌలుదారు కార్డు అంటే భూమి యజమాని సంతకం పెట్టడానికి ఎంత భయపడతాడో నీకు తెలుసుగా, అట్లాంటిదే. అంతా నోటి మాట. కానీ నోటిమాట కదా అని తేలిగ్గా తీసుకోబాక. మీ మావగారి శవం మోసిన నలుగురిలో ఆయన ఉండుంటాడు. న్యాతుస్ రోజు మీ ఇంట్లో వంటకి వచ్చిన ఆడవాళ్లలో ఆయన భార్య ఉండుంటది. అవునో కాదో మీ ఆవిణ్ణి అడుగు.

ఆ వదిలేసిన కంకులంటావా, అది ఒబ్బిడి లేక కాదయ్యా. కోత అయ్యాక సెంటు భూమి లేని ముసలమ్మలు వచ్చి ఏరుకుంటారు. పరిగె ఏరుకోవడం మీ అమ్మమ్మ చెప్పలేదా? ఇక్కడ ‘ఙసక్’ అంటారు. మా దుగ్గిరాల వైపు మిషన్లొచ్చాక పరిగె అన్న మాటే పోయింది, నేను ఇక్కడికొచ్చాక మళ్లీ చూశా.

— — —

కూకట్‌పల్లి_కుర్రోడు:

అన్నా సింపుల్. అమ్మేసి రా. టోల్ రోడ్డు పడుతోందిగా అక్కడ, యూట్యూబులో చూశా, ఊళ్లకి ఊళ్లు కార్లు కొనుక్కున్నాయంట. వెయిట్ చేస్తే జాక్‌పాట్.

— — —

మట్టీ_మేడం:

కుర్రోడు గారూ, రోడ్డు పడే ఊళ్లకి పడింది, పక్క ఊరికి దుమ్ము పడింది. సోలో యోగ్యకర్త టోల్ రోడ్డులో కర్తసుర నుంచి క్లాతెన్ దాకా 2024 సెప్టెంబరులోనే ఓపెన్ అయిపోయింది, అందులో పోవాల్సిన మాగాణి పోయింది, పరిహారం రావాల్సినవాళ్లకి వచ్చింది. మిగిలిన వరి పొలాల్లో చాలావాటికి 2009 చట్టం కింద రక్షణ ఉంటుంది, ఇళ్ల ప్లాట్లు వేస్తానంటే కుదరదు. అడిగినాయన పొలం ఆ మ్యాపులో ఉందో లేదో జిల్లా ఆఫీసులో కనుక్కోవాలి, ముందు ఆ పని చెయ్యండి.

నేను అగ్రికల్చర్ చదివి బోగోర్‌లో పీహెచ్‌డీకి నాలుగేళ్లు ఉన్నాను, ఫీల్డ్ వర్కు కోసం మధ్య జావా ఊళ్లలో రెండు సీజన్లు తిరిగాను, కాబట్టి కొంచెం వాగుతాను, క్షమించండి.

44 సెంట్లు తక్కువ అని మీరు నవ్వుతున్నారు, అక్కడ అది మామూలు. జావా మన ఏపీ కంటే చిన్నది, జనం 15 కోట్ల పైన. అర హెక్టారు కూడా లేని రైతుని అక్కడ ‘గురెమ్’ అంటారు, అంటే కోడికి పట్టే గోమారి పురుగు లాంటిది, అంత చిన్నది. తిట్టులాగే ఉంటుంది కానీ ప్రభుత్వ లెక్కల్లో కూడా అదే పేరు! 2023 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద అలాంటి కుటుంబాలు దాదాపు 1.7 కోట్లు, పదేళ్ల కిందటి కంటే పెరిగాయి. 1960 చట్టంలో ఒక కుటుంబానికి కనీసం రెండు హెక్టార్లు ఉండేలా చూడాలని రాసుకున్నారు, అది ఏనాడూ జరగలేదు.

దాని వెనక పెద్ద కథే ఉంది. 1830 నుంచి డచ్చివాళ్లు ఊరి భూమిలో అయిదో వంతు చెరుకు, నీలిమందు, కాఫీ లాంటివి వేయించి పట్టుకుపోయారు, లెక్కకి అయిదో వంతు, చాలా చోట్ల అంతకంటే ఎక్కువే. స్వాతంత్ర్యం తర్వాత భూసంస్కరణ అన్నారు, 1964లో పేద రైతులు పెద్దల పొలాల్లోకి దిగారు, అందులో మీ క్లాతెన్ ముందు వరసలో ఉంది. మరుసటి ఏడాది నుంచి కమ్యూనిస్టులని ముద్ర వేసి చేసిన నరమేధంలో లక్షల మంది పోయారు. నేను తిరిగిన ఊళ్లలో ఒక ముసలాయన అన్నీ చెప్పేవాడు, ఏ ఏడాది ఏ విత్తనం, ఏ ఏడాది దోమ, అన్నీ. 65 దగ్గరికొచ్చేసరికి టీ కలపడానికి లేచి వెళ్లేవాడు. మూడుసార్లు అలాగే జరిగింది, నాలుగోసారి నేనే అడగడం మానేశాను. కాబట్టి ఆ జిల్లాలో ‘పాలుదారుణ్ణి తీసేద్దాం’ అని అందరి ముందు, అన్నం దగ్గర అనడం అంటే... మీ అత్తగారి వయసెంతో నాకు తెలీదు.

సరే, పంట విషయాలు. అక్కడ ఐఆర్ 64 రకం వరి అంటే తాతల నాటి చుట్టం, మన దగ్గరా వేశారుగా. వాళ్లు ఇప్పుడు ఎక్కువగా చిహెరాంగ్, ఇన్‌పారి 32 వేస్తారు. మీ క్లాతెన్‌కి సొంత బియ్యం ఒకటుంది, దెలాంగు వైపు రొజొలెలె, సువాసన బియ్యం, మనిషి ఎత్తు పెరిగి పడిపోతుంది, నెలలు నెలలు పడుతుంది, అందుకే రైతులు వదిలేశారు. రేడియేషన్‌తో పొట్టి చేసి శ్రీనుక్ అని కొత్త రకం ఇచ్చారు. పెద్దాయన్ని అడిగి చూడండి, రేటు బాగుంటుంది.

దోమపోటు కథ తెలుసా మీకు? 70ల్లో మందుల మీద మందులు కొట్టి సాలీళ్లని చంపేసుకుంటే సుడిదోమ విరగబడింది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి అని ప్రపంచానికి చెప్పుకున్నాక రెండేళ్లకే మళ్లీ దోమ. అప్పుడు 1986లో అప్పటి ప్రెసిడెంటు సుహార్తో ఒక్క ఆర్డర్‌తో వరిలో 57 పురుగుమందులు నిషేధించాడు. ఆ తర్వాత 1989 నుంచి రైతుల్ని పొలం గట్టు మీదే కూర్చోబెట్టి పురుగులు లెక్కపెట్టించే బడులు మొదలుపెట్టారు. మన వ్యవసాయ శాఖ ‘పొలంబడి’ అంటుందే, అది పుట్టింది అక్కడే.

ఇంకోటి, ఇది నాకు భలే ఇష్టం. వాళ్లకీ కార్తెలున్నాయి. ‘ప్రనత మంగ్స’ అంటారు, ఏడాదికి 12, సమానంగా ఉండవు, ఒకటి 41 రోజులు, ఇంకోటి 23. 1855లో సోలో రాజుగారు లెక్క కట్టి ఖాయం చేశారు. చివరి రెండిటి పేర్లు దెస్త, సద. పైకి చదివి చూడండి, మన జ్యేష్ఠం ఆషాఢమే. వాళ్ల సంవత్సరం జూన్ 22న మొదలు, సరిగ్గా మన ఆరుద్ర కార్తె వేళకి, మనం వాన కోసం ఆకాశం వైపు చూసే రోజుల్లో వాళ్లకి ఎండాకాలం మొదలు, ఆకులు రాలతాయి. అదే సూర్యుడు, అటు వైపు తలకిందులు.

ఒక జాగ్రత్త. ఎలుకలకని పొలం చుట్టూ కరెంటు తీగ లాగుతారు, స్రగెన్, ఙవి వైపు దానివల్ల రైతులే చనిపోయారు, మన దగ్గర అడవిపందుల తీగలకి పోయినట్టే. రాత్రిపూట గట్ల మీద తిరక్కండి. దెమాక్ జిల్లాలో ఒక ఊరివాళ్లు గుడ్లగూబలకి గూళ్లు కట్టి పెంచుకుంటున్నారు, అది చూసి నేర్చుకోవాల్సింది.

— — —

తణుకు_టు_సోలో:

మేడం గారూ, పాతకాపు గారూ, చాలా థాంక్సండి. అడిగా. ఆయన శవం మోశాడంట. ఆయన భార్య మూడు రోజులు మా వంటింట్లోనే ఉందంట, నేను ఆవిణ్ణి ఎవరో చుట్టం అనుకుని కాళ్లకి దణ్ణం కూడా పెట్టా 😅

మా ఆవిడ ఇంకో మాట చెప్పింది. ఈ పొలంలోంచి ప్రతి కోతకీ బెకాసి బావ వాళ్లింటికి ఒక బస్తా బియ్యం వెళ్తది, సురబాయాకి ఒకటి, మాకు ఒకటి. మేం ఇన్నాళ్లూ తింటున్న బియ్యం అదేనంట, నేను అత్తగారు కొని పంపుతుందనుకున్నా. బెకాసిలో కిలో బియ్యం దొరకదా, బస్సు చార్జీ పెట్టి ఎందుకు మోస్తారు అంటే ‘అది మా నాన్న అన్నం’ అంది. ఇక నేనేం మాట్లాడలా.

నా ఎక్సెల్‌లో దీనికి కాలమ్ లేదు.

— — —

కరీంనగర్_టు_హాంకాంగ్:

నేను హాంకాంగ్‌ల ఉంటా అన్నా. మా పిల్లలను చూసుకునే అక్కది పొనొరోగొ, తూర్పు జావా. ఆదివారం ఆదివారం విక్టోరియా పార్కుల వాళ్ల ఊరోళ్లంత చాపలేసుకొని కూసుంటరు, డబ్బాలల్ల అన్నం, టెంపె, సంబల్, ఒకసారి నన్ను గూడ తీస్కపోయింది. అక్కడ గూసొని వాళ్లు మాట్లాడేది పిల్లల గురించి సగం, పొలం గురించి సగం. ఫోన్ల ఫోటోలు, ఇగో ఇది నేను కట్టిన ఇల్లు, ఇగో ఇది నేను కొన్న మడి. ఇల్లు సూస్తె రెండంతస్తులు, ముంగట స్తంభాలు, టైల్స్. అండ్ల ఉండేది ఒక్క ముసలవ్వ. మా జగిత్యాల దిక్కు దుబాయ్ పైసలతోని కట్టిన ఇండ్లు గట్లనే ఉంటయి, తాళం యేసి.

అయితె ఈమెకు జరిగింది జెప్త, నీకు పనికొస్తది. ఎనిమిదేండ్ల కింద ఈమె పంపిన పైసలు బెట్టి వాళ్ల తమ్ముడు ఒకాయన మడి కుదువ వట్టిండు. గదై అంటరట. సీమోళ్లు భోగ్యం అంటరు సూడు, గట్ల, పైసలు ఇచ్చేదాక పంట మనది. ఈమె ఇగ అది మనదే అనుకున్నది. మొన్న ఆ భూమి ఆయన కొడుకు, సదువుకున్నోడు, వచ్చి ఏడేండ్లు దాటినంక పైసలు ఇయ్యకుండనే తిరిగి ఇచ్చెయ్యాలె, చట్టం ఉన్నది అన్నడట. నిజంగనే ఉన్నదట 1960 నుంచి! ఏడిసింది పాపం. ఆఖరికి ఊరిపెద్ద కూసొబెట్టి సగం పైసలు ఇప్పిచ్చిండు, చట్టం జూస్తె గా సగం గూడ వచ్చేది లేకుండె.

గందుకే అంటున్న, పైసలు పెట్టే ముందల ఊళ్లె దప్తరం సూడు. పట్టా ఎవరి పేరు మీదున్నది? మా దగ్గర ధరణి పోయి భూభారతి వచ్చినా మా తాత పేరు మీదున్న పదెనిమిది గుంటలు ఇంక మా నాయన పేరు మీదికి రాలే.

— — —

సుకొహర్జొ_పాతకాపు:

అమ్మాయి మంచి పాయింటు చెప్పింది. తమ్ముడూ, ‘లెత్తర్ సీ’ అని ఊరి దగ్గర ఒక పాత పుస్తకం ఉంటది, మన అడంగల్ లాంటిది, పన్నుల లెక్క కోసం పెట్టింది. అది చారిక్ దగ్గర ఉంటది, చారిక్ అంటే మన కరణం అనుకో. సర్టిఫికెట్టు లేని పొలానికి అదే ఆధారం. 2017 నుంచి సర్కారు ఊరూరా సర్వే చేసి సర్టిఫికెట్లు ఇస్తోంది, మీ ఊళ్లో అయిందో లేదో కనుక్కో.

చారిక్ దగ్గరకి ఊరికే చేతులూపుకుంటా వెళ్లబాక, ఏవన్నా పళ్లు పట్టుకెళ్లు. ఇంకోటి, ఈ చారిక్‌కీ, లురాకీ అంటే సర్పంచికీ, ఊరి తరఫున భూమి ఉంటది, ‘బెంగ్కొక్’ అంటారు. ఉద్యోగం ఉన్నంత కాలం పంట వాళ్లది, దిగిపోతే వదిలెయ్యాలి. మన కరణం మాన్యాల్లాగా. మన దగ్గర 1984లో ఎన్టీఆర్ కరణాలు మునసబుల్నే ఎత్తేశాడు, ఇక్కడ ఆ మాన్యం ఇంకా బతికుంది. ఊళ్లో మంచి మాగాణి ఎక్కడుందో తెలుసుకోవాలంటే లురా పొలం ఎక్కడో అడిగితే చాలు 😄

నీళ్లు వదిలేవాడు ‘ఉలు-ఉలు’, మన నీరటి. ఆయన్ని కూడా పలకరించి రా. 44 సెంట్లకి కాలవ ఏ గట్టు మీదుగా వస్తుందో తెలియకుండా నలుగురికి ముక్కలు కోస్తే, ఎగువ ముక్కోడు కోపం వచ్చిన రోజున దిగువ ముక్క ఎండుద్ది. అన్నదమ్ములైనా అంతే.

— — —

కూకట్‌పల్లి_కుర్రోడు:

ఓకే ఓకే నేను వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక డౌటు, సబ్సిడీ యూరియా ఎవరికొస్తది, ఓనర్‌కా, చేసేటోడికా? మా నాన్నకి ప్రతి ఏడు ఇదే లొల్లి.

— — —

మట్టీ_మేడం:

చేసేవాడికే, రైతు సంఘం లిస్టులో పేరుంటేనే. యూరియా కిలో 2,250 రూపియా ఉండేది, 2025 అక్టోబరులో 1,800కి తగ్గించారు. రేపు పెద్దాయన్ని మార్చేస్తే కొత్తాయన పేరు లిస్టులోకి ఎక్కేదాకా బయట రేటుకి కొనాలి. అది కూడా ఎక్సెల్‌లో వేసుకోండి, తణుకు గారూ.

— — —

తణుకు_టు_సోలో:

చాలా రోజులకి అప్‌డేట్ ఇస్తున్నా, లెబరాన్ (రంజాన్ పండగ) సెలవలకి వారం రోజులు ఊళ్లో ఉన్నాం.

ముందు చారిక్. రెండు డజన్ల సలక్ పళ్లు పట్టుకెళ్లా. పుస్తకం తీశాడు, చివర్లు ఎలుకలు కొట్టేసిన పుస్తకం, అట్ట గుడ్డతో కుట్టారు. అందులో మా పొలం ఎవరి పేరు మీదుందో చెప్పుకోండి. మా మావగారి పేరు మీద కాదు. ఆయన తండ్రి పేరు మీద. పక్కన పెన్సిల్‌తో ఆయన చెల్లెలి పేరు. ఆ చెల్లెలి పిల్లలు ఎప్పుడో ట్రాన్స్‌మిగ్రేషన్ (సర్కారు జనాన్ని వేరే దీవులకి పంపే స్కీము) కింద సుమత్రాలో లంపుంగ్ వెళ్లిపోయారంట, వాళ్లకి పిల్లలు, మనవలు. అంటే నేను నలుగురు వారసులు అనుకున్నది ఎంతమందో ఇప్పుడు చారిక్‌కే తెలీదు. ఆయన నవ్వి పుస్తకం మూసేసి టీ తాగమన్నాడు.

రెండోది పెద్దాయన. నాకు ఆయన మొహం చూడాలంటే సిగ్గేసింది, నేనన్న మాట ఆయన దాకా వెళ్లకుండా ఉంటదా, చిన్న ఊరు. వెళ్లేసరికి నూర్పిడి మిషన్ (వీళ్లు దొస్ అంటారు) బెల్టు జారిపోతోందని దాంతో కుస్తీ పడుతున్నాడు. పుల్లీ ఒక పక్కకి ఒరిగిపోయింది. నాకొచ్చిన విద్య అదొక్కటే. ఒక సైకిల్ ట్యూబు ముక్క, రెండు వాషర్లు, గంటన్నర. స్టార్ట్ చేశాక సౌండ్ విని ఆయన తలూపాడు. పొలం గురించి ఆయనా ఎత్తలా, నేనూ ఎత్తలా. సాయంత్రం వాళ్లావిడ అరటాకులో అన్నం కట్టి పంపింది, ఎండుచేప, నల్ల సోయాగింజల పచ్చడి. కోతకి ముందు శ్రీదేవికి పెట్టి పిల్లలకి పంచే అన్నంలో ఉండే పచ్చడి అదేనంట, సంబెల్ గెపెంగ్. శ్రీదేవి అంటే వీళ్ల దేవి స్రి, వరి అమ్మవారు, ఊరంతా ముస్లింలే అయినా ఆవిడకి పెట్టేది పెడతారు.

ఆ రాత్రి మా చిన్న బావమరిదితో కలిసి కాపలాకి కూడా తిరిగా. ప్రతి ఇంటి ముందూ గోడకి చిన్న ప్లాస్టిక్ కప్పు వేలాడుతుంది, అందులో ఒకప్పుడు చారెడు బియ్యం వేసేవాళ్లంట, ఇప్పుడు 500 రూపియా బిళ్ల. కాపలావాళ్లు టార్చి వేసి ఒక్కోటీ తీసుకుని పుస్తకంలో టిక్కు పెడతారు. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ఆ డబ్బులోంచే. మా అత్తగారి కప్పులో రెండు బిళ్లలున్నాయి. ఒకటెందుకు ఎక్కువ అంటే బావమరిది ‘రెండోది పెద్దాయన వాళ్ల తరఫున, వాళ్లింటి ముందు కప్పు పగిలిపోయింది’ అన్నాడు. ఎప్పుడు పగిలింది అంటే మూడేళ్లయిందంట.

పండగ రోజు అందరూ కూర్చున్నాం. ఈసారి నేను నోరు మూసుకున్నా. అత్తగారు ఉన్నంత కాలం పొలం ముక్కలు చెయ్యొద్దు అని పెద్ద బావే అన్నాడు, మిగతావాళ్లు ఇంగ్గీ అన్నారు, ఈసారిది నిజం ఇంగ్గీయే అని మా ఆవిడ చెప్పింది. లంపుంగ్ వాళ్లకి వాట్సాప్ పెట్టారు. ఆస్తుల ఒప్పందం కోసం నోటరీ దగ్గర వచ్చే నెలకి టైం తీసుకున్నాం, అది ఎలాగూ మంచిదే కదా అని.

వచ్చే ముందు రోజు నాట్లు. తణుకు కుర్రాణ్ణి, ఊడ్పులు మాకు నేర్పేదేముంది అని ప్యాంటు మడిచి దిగా. వీళ్ల భాషలో నాటడానికి తందుర్ అంటారు, అంటే వెనక్కి నడుస్తా పేర్చడం అని పెద్దాయన చెప్పాడు. పది నిమిషాల్లో నా వరస వంకర పోయింది. నా ఎడమ పక్కన ఉన్న ఆవిడ, అరవై దాటి ఉంటాయి, ఏమీ అనకుండా నా మొక్కలు నాలుగు పీకి సరిగ్గా పెట్టుకుంటా పోయింది.

— — —

కరీంనగర్_టు_హాంకాంగ్:

మంచిగ జేశినవ్ అన్నా. మా అక్కకు సదివి వినిపిస్తుంటె ఆ పచ్చడి పేరు రాంగనే ఆపమన్నది. నల్ల సోయగింజలు ఏంచి దంచుతరా లేకుంటె నానబెట్టి రుబ్బుతరా, ఎండుచేప అండ్లనే కలుపుతరా? వాళ్ల దిక్కు అది చెయ్యరట, ఈ ఆదివారం పార్కులకు జేస్కపోతా అంటున్నది, జర మీ అత్తమ్మను అడిగి పెట్టు.